స్త్రీలును ఇంజనీరింగు విద్యయు: అయ్యలసోమయాజుల లలితగారి చరిత్రము

మన మహాసభలలో స్త్రీవిద్యను గూర్చి యుపన్యసించువారు సామాన్యముగా గార్గితోడను మైత్రేయితోడను ఆరంభింతురు. పిమ్మట నొక్క గంతున మూడువేల యేండ్లను దాటి, ఈనాటి బాలికల పరీక్షాఫలితములకడ వ్రాలుదురు. నడుమ నేమి జరిగెనో, ఏ తలుపు ఎవరిచే నెప్పుడు తెఱవబడెనో, తెఱచినవారు పడిన పాట్లెట్టివో చెప్పువారు తక్కువ. మేము సంస్కృతము చదివినవారమే గనుక గార్గీమైత్రేయులయెడ మాకు భక్తి తక్కువ లేదు. కాని బృహదారణ్యకమున గార్గి యడిగిన ప్రశ్నలకును, వంతెనకు ఇనుపదూలమెంత లావుండవలెనని లెక్కగట్టు విద్యకును సంబంధము కల్పించుట మాకు చేతగాదు. అందుచే ఈ సంచికకు వ్యాసము వ్రాయుడని కార్యదర్శులు కోరినప్పుడు, మిక్కిలి సమీపకాలమున, మన భాష మాటాడు నొక యింట జరిగిన చరిత్రమునే వ్రాయ నిశ్చయించుకొంటిమి.

ఆ చరిత్రము శ్రీమతి అయ్యలసోమయాజుల లలితగారిది. వీరు 1919వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన మద్రాసునందు ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. భారతదేశమున ఇంజనీరింగు పట్టమందిన తొలి స్త్రీలలో అందఱికంటె ముందుగా కళాశాలలో నడుగిడినవారు వీరే. ఆమె మన కులమువారా యని వెంటనే యడుగువారు కొందఱుందురని మేమెఱుగుదుము. ఇట్టి సంచికలలో ఆ ప్రశ్న పుట్టుట సహజమే. ప్రసిద్ధులైనవారినెల్ల మనవారిగా లెక్కించుకొనుట అన్ని కులసంఘములకును గల యలవాటు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుట ఈ వ్యాసమున మా యుద్దేశము కాదు. ఆమె జీవితమునుండి మన సంఘము నేర్చుకొనదగిన పని యొకటి కలదు గనుక ఆమెను స్మరించుచున్నాము.

ముందుగా నొక విషయమును విచారింపవలసియున్నది. మద్రాసు వైద్యకళాశాల 1875లోనే నలుగురు స్త్రీలను విద్యార్థినులుగా చేర్చుకొనెను. ముత్తులక్ష్మిరెడ్డిగారు 1912లో అచట వైద్యపట్టమందిరి. బాలికాపాఠశాలలకు ఉపాధ్యాయినులను సిద్ధపఱచు పనియు పందొమ్మిదవ శతాబ్దముననే సాగుచుండెను. ఆ నగరముననే యున్న ఇంజనీరింగు కళాశాలకు మాత్రము 1940 వచ్చువఱకు ఒక్క స్త్రీయు రాలేదు. ఈ అఱువదియైదేండ్ల యెడమునకు కారణమేమి? స్త్రీలకు గణితము రాదనుట కారణము కాదు. వైద్యమునకు కావలసిన బుద్ధి యంతకంటె తక్కువది కాదుగదా.

మాకు తోచిన కారణ మిది. అంతఃపురస్త్రీలు పురుషవైద్యుని చేతికి నాడి చూపుటకు సంకోచించుచుండిరి. కాన్పు సమయమున పురుషుడు దగ్గరకు రాగూడదు. కాబట్టి ఆడువారికి ఆడువైద్యురాలు కావలసివచ్చెను. వయసువచ్చిన బాలికలకు ఆడు ఉపాధ్యాయినియే చదువు చెప్పవలెను. సంఘము తన యాచారమును కాపాడుకొనుటకే ఆ రెండు తలుపులను తెఱచినది గాని, లోనికి పోవు స్త్రీమీది కనికరముచేత కాదు. వంతెనమీద నడచువాడు దానిని గట్టినది మగవాడా ఆడుదియా యని యడుగడు. దీపము వెలుగుటకు తీగ నెవరు లాగిరో ఎవనికిని పట్టదు. స్త్రీ ఇంజనీరగుట సంఘాచారమున కేవిధముగను అవసరము కాలేదు. ఆ స్త్రీకే అవసరము. ఇతరులకొఱకని చెప్పి అడిగిన తలుపు త్వరగా తెఱచుకొనును. తనకొఱకు అడిగిన తలుపు తెఱచుకొనుటకు ఆలస్యమగును.

కట్టడములకు స్త్రీలు కొత్తవారని మాత్రము ఎవరును అనుకొనరాదు. మన గోదావరీమండలమున ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో పూర్తియయ్యెను. కాటన్ దొరగారి పేరును, ఆయనకు కుడిభుజమైన వీణెం వీరన్నగారి పేరును మనము కృతజ్ఞతతో తలచుచున్నాము. మన దేశమున ఏ కట్టడము చూచినను, తట్ట నెత్తినబెట్టుకొని మన్నును రాతిని సున్నమును మోసినవారిలో స్త్రీలుందురు. చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యాలగట్టి బిడ్డను పరుండబెట్టి పనికి పోవుదురు. తట్ట మోయుటకు అడ్డురాని స్త్రీత్వము, ఆ కట్టడపు పటము గీయుటకు అడ్డువచ్చినది. మయమతమున స్థపతి లక్షణములు చదివినవారికి తెలియును, ఆ శబ్దము పుంలింగమే. మనవారు దానికి స్త్రీలింగరూప మొకటి కావలసివచ్చునని యూహింపనేలేదు.

గిండీ కళాశాలకు మూలమైన పాఠశాలను 1794లో మైకేల్ టాపింగు అను నాతడు మద్రాసు కోటయందు భూమికొలతలు నేర్పుటకై స్థాపించెను. అది క్రమముగా సివిలు ఇంజనీరింగు కళాశాలయై, 1920లో గిండీకి తరలెను. లలితగారి తండ్రి పప్పు సుబ్బారావుగారు ఆ కళాశాలయందే విద్యుత్ శాఖలో ఆచార్యులు. ఏడుగురు సంతానములో లలితగారు ఐదవవారు. ఆ యింట కుమారులకు ఇంజనీరింగు విద్యయు, కుమార్తెలకు సామాన్యవిద్యయు అని కాలానుగుణముగా ఏర్పాటై యుండెను. సుబ్బారావుగారు మొదటినుండి సంస్కర్తలని వ్రాసినచో చరిత్రమునకు ద్రోహము చేసినవారమగుదుము. 1934లో, కుమార్తెకు పదునైదవ యేట, వివాహము చేసిరి. శారదాచట్టము 1930 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చి బాలికల వివాహవయస్సును పదునాలుగుగా నిర్ణయించియుండెను గనుక ఆ పెండ్లి శాసనసమ్మతమే. వివాహమైన పిమ్మటకూడ ఆమె పాఠశాల చదువు ముగియువఱకు మానిపింపకుండుట ఒక్కటియే ఆయన ఆనాటి లోకరీతికి భిన్నముగా చేసిన పని.

1937లో లలితగారి భర్త స్వర్గస్థులైరి. ఆమెకు వయస్సు పదునెనిమిది. ఒడిలో నాలుగుమాసముల ఆడుశిశువు.

ఆ కాలమున పదునెనిమిదేండ్ల వితంతువుయొక్క గతి యెట్టిదో మన పెద్దలకు చెప్పనక్కఱలేదు, పిన్నలకు చెప్పవలసియున్నది. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. అప్పటికి దానిని చట్టము అనుమతించి ఇరువదియైదేండ్లు గడచియుండెను. చట్టమునకును ఇంటి వంటగదికిని నడుమ దూరము చాల యెక్కువ. పుట్టినింట చేరిన వితంతువు పదిమంది పిల్లలకు వండిపెట్టుచు, శుభకార్యములకు ఎదురురాక, గదిలో నొదిగి బ్రదుకు సాగించుటయే సదాచారమనిపించుకొనెడిది. ఈ దుఃఖమును చూచియే మద్రాసున సుబ్బలక్ష్మిగారు బాలవితంతువులకు వసతిగృహము నడిపిరి. గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో శారదానికేతనము స్థాపించిరి. లలితగారికి వైధవ్యము ప్రాప్తించిన 1937వ సంవత్సరముననే దుర్గాబాయిగారు మద్రాసున ఆంధ్రమహిళాసభకు పునాదివేసిరి. అట్టి చోట్ల చదివిన వితంతువులలో పెక్కురు ఉపాధ్యాయినులైరి. అదియు గొప్పమేలే. కాని వితంతువనగా ఉపాధ్యాయిని యగుటకే పుట్టినదను భావము దానివలన కొంత బలపడినది.

లలితగారు మరల చదువు నందుకొనిరి. 1914లో స్థాపితమైన క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియేటు ప్రథమశ్రేణిలో ముగించిరి. వైద్యము చదువుమని చెప్పినవారుండిరి. ఆమె ఆలోచన వేఱు. వైద్యురాలిని అర్ధరాత్రియైనను పిలుతురు. ఇంట పసిబిడ్డ యున్నది. వేళకు పోయి వేళకు వచ్చు వృత్తి కావలెను. తనకును బిడ్డకును ఎవరి దయాభిక్షయు నక్కఱలేని జీతము రావలెను. ఈ లెక్క వేసికొని ఆమె ఇంజనీరింగును కోరిరి. లోకమున ప్రథమస్థానమును పొందవలెనను ఆశ ఆమెకుండెనని మాకు కానరాదు. తల్లియైనందున వృత్తిని మానుట మనము నిత్యము చూచుచున్నాము. ఈమె తల్లియైనందుననే ఆ వృత్తిని ఎన్నుకొనిరి.

సుబ్బారావుగారు కుమార్తె మాట త్రోసివేయలేదు. కళాశాల ప్రిన్సిపాలు కె. సి. చాకోగారితో సంప్రదించి, పిమ్మట విద్యాశాఖ డైరెక్టరు స్టాథము దొరగారి యనుమతిని సంపాదించిరి. 1940లో లలితగారు విద్యుత్ ఇంజనీరింగు తరగతిలో చేరిరి. పాఠశాల పుట్టిన 146 ఏండ్లకు ఒక స్త్రీ దాని విద్యార్థిని యయ్యెను. ఆచార్యుని కుమార్తె గాకున్నచో ఆ తలుపు ఆనాడు తెఱచుకొనియుండునా యని యడిగినచో, బహుశః తెఱచుకొనియుండదనియే మా యభిప్రాయము. ఇందుచే ఆమె ప్రతిభకు లోపము లేదు. అట్టి తండ్రులు లేని యింటి బాలికలకు తండ్రివలె నిలిచి యధికారులను అడుగువాడెవడు అను ప్రశ్న మాత్రము మిగిలియున్నది. కులసంఘములు పుట్టినది అట్టి పనికే గదా.

ఇచట మాకు భాస్కరాచార్యుని లీలావతి స్మరణకు వచ్చుచున్నది. ఆ గణితగ్రంథము 1150వ సంవత్సరమునాటిది. లీలావతి భాస్కరుని కుమార్తె యనియు, ఘటికాయంత్రమున ముత్యము పడి వివాహముహూర్తము తప్పినదనియు, ఆమె దుఃఖమును మాన్పుటకై తండ్రి తన గ్రంథమునకు ఆమె పేరిడెననియు కథ కలదు. ఆ కథ మూలగ్రంథమున లేదు. అక్బరు ఆస్థానమునందలి ఫైజీ 1587లో చేసిన పారసీకభాషాంతరముతో వ్యాప్తికి వచ్చినది. కథ నిజమే యనుకొందము. అప్పుడు భాస్కరుడు తన పుత్రికకు ఏమి యిచ్చెను? కీర్తి నిచ్చెను. కాని ఆ లెక్కలతో ఆమె నాలుగు వరహాలు సంపాదించి తన యింట తాను బ్రదుకుటకు వలసిన దారి నీయలేదు. సుబ్బారావుగారు గ్రంథమునకు పేరు పెట్టలేదు. కుమార్తెకు దరఖాస్తు వ్రాసియిచ్చిరి. పండితలోకమువారు మమ్ము మన్నింతురుగాక, ఈ యిద్దఱు తండ్రులలో మాకు రెండవవారియెడనే గౌరవమెక్కువ.

కళాశాలలో వందలకొలది పురుషులనడుమ ఆమె యొక్కతె. హాస్టలున వసతి యేర్పడెను. బిడ్డ బంధువుల యింట పెరుగుచుండెను. వారాంతములందు తల్లి పోయి చూచివచ్చుచుండెను. పురుషవిద్యార్థులు మర్యాదగానే మెలగిరి. ఆమెకు బాధకలిగించినది ఒంటరితనము. దీనిని పోగొట్టుటకై స్త్రీలను చేర్చుకొందుమని ప్రకటన చేయించిరి. మఱుసటి యేడు పి. కె. థ్రేసియాగారును లీలమ్మ జార్జిగారును సివిలు ఇంజనీరింగు తరగతిలో చేరిరి. ఇద్దఱును మలయాళదేశమువారు.

వ్యాకరణము చెప్పి బ్రదికినవారము గనుక ఒక్క మాట చెప్పక మానలేము. తెలుగున స్త్రీవాచకము ఏకవచనమందు అమహత్తులతో చేరి నడచును. బహువచనమందు మహత్తులతో చేరును. 'అది వచ్చినది' యన్నచో ఆవు వచ్చెనో ఆడుబిడ్డ వచ్చెనో తెలియదు. 'వారు వచ్చిరి' యన్నచో మనుష్యులే. చిన్నయసూరిగారి బాలవ్యాకరణము పాఠము చెప్పునప్పుడెల్ల ఈ విషయము విని బాలికలు నవ్వెడివారు, కొందఱు కోపగించెడివారు. గిండీ కళాశాలలో ఒక్క స్త్రీ యున్నంతకాలము ఆమె వింతవస్తువు. ముగ్గురైన పిమ్మట విద్యార్థినులు. వంగదేశమున దీనికి ప్రతికూలమైన దృష్టాంతము కలదు. 1947లో షిబ్‌పూరులోని బెంగాల్ ఇంజనీరింగు కళాశాలలో ఇద్దఱు బాలికలు చేరిరి. ఒకామె మొదటి యేడాదితోనే విరమించిరి. ఇలా మజుందారుగారు ఒంటరిగా నిలిచి 1951లో మెకానికల్ ఇంజనీరింగు పట్టమందిరి. నిలిచినవారిని మెచ్చుకొనుట సులభము. విరమించినవారిని తోడులేక పోగొట్టుకొంటిమని తలచుట యరుదు.

ప్రపంచయుద్ధకారణమున చదువుకాలమును కొంత తగ్గించిరి. అందుచే వెనుక చేరిన యిద్దఱును లలితగారితోడనే పట్టభద్రులైరి. 1943లో చదువు ముగియగా విశ్వవిద్యాలయమువా రిచ్చిన పట్టాపత్రమున 'అతడు' అను అర్థముగల ఆంగ్లసర్వనామము అచ్చుపడియుండెను. దానిని కొట్టివేసి 'ఆమె' యని చేతితో దిద్దవలసివచ్చెను. అచ్చుఫారములు మార్చుటకు అప్పటికి సమయము చాలలేదు కాబోలు. ఆ పత్రమే సంస్కృతమున నున్నచో సర్వనామముతో పోదు; విశేషణములన్నిటిని స్త్రీలింగమునకు మార్చవలసియుండెడిది.

పిమ్మట ఆమె ఒక సంవత్సరము జమాలుపూరు రైల్వే కర్మశాలలో శిక్షణ పొందిరి. 1862లో స్థాపితమైన ఆ కర్మశాల పేరుమోసినది. బొగ్గుమసి, ఇనుపరవ్వ, ఆవిరియంత్రముల హోరు గలది. తరువాత సిమ్లానందలి కేంద్ర ప్రమాణసంస్థలో ఇంజనీరింగు సహాయకురాలిగా 1946 డిసెంబరు వఱకు పనిచేసిరి. ఆ కాలముననే లండనునందలి విద్యుత్ ఇంజనీర్ల సంస్థవారి పరీక్షను గూడ నిచ్చిరి. కొన్ని నెలలు తండ్రిగారి పరిశోధనలకు తోడ్పడిరి. సుబ్బారావుగారు ఊరకుండువారు కారు. పొగరాని పొయ్యియు, విద్యుత్తుతో పలుకు 'జెలెక్ట్రోమోనియము' అను వాద్యమును ఆయన కల్పనలు. జలతరంగము, హార్మోనియము, విద్యుత్తు మూడును ఆ పేరున సమాసము చెందినట్లు మాకు తోచుచున్నది. ఏ సూత్రముచే సమాసమయ్యెనో పాణినియే చెప్పవలెను. పరిశోధన యెంత రుచించినను దానివలన ఇల్లు గడవదు. కావున ఆమె 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీసు అను కంపెనీలో చేరిరి.

ఆ కంపెనీలోనే ఆమె వృత్తిజీవితమంతయు గడచెను. విద్యుత్తును దూరప్రదేశములకు గొనిపోవు తీగమార్గములను నిర్ణయించుట, ఉపకేంద్రముల అమరిక గీయుట, ప్రమాదము సంభవించినప్పుడు ప్రవాహమును దానంతట నిలిపివేయు రక్షణసాధనములను కూర్చుట ఆమె పని. ఈ రక్షణసాధనమును గూర్చి చదువరులకు కొంచెము చెప్పుట మంచిది. పిడుగు పడినను, తీగ తెగి నేలదాకినను, ప్రవాహము ఒక్కసారి పెచ్చుపెరుగును. క్షణములో నాపకున్నచో లక్షల రూపాయల యంత్రము కాలిపోవును. అయితే దోషమున్న భాగమునే విడదీయవలెను. ఊరంతటికి దీపము పోగూడదు. ఏ చోట ఎంత ప్రవాహమునకు ఏ మీట ముందు విడవలెనో, ఏది వెనుక విడవలెనో ముందుగా లెక్కగట్టి యుంచవలెను. భాక్రానంగల్ ప్రాజెక్టునందలి విద్యుజ్జనకయంత్రముల పనిలోను ఆమెకు భాగముండెను. స్వాతంత్ర్యము వచ్చిన వెనుక ఈ దేశము తలపెట్టిన మహానిర్మాణములలో నది మొదటి వరుసలోనిది. ఆనకట్ట ఎత్తు 226 మీటర్లు.

వితంతువైన యువతి ఒంటరిగా పనిస్థలములకు తిరుగుట ఆనాటి లోకమునకు రుచింపదు. కాబట్టి ఆమె పని పెక్కుపాళ్లు కార్యాలయమున, పటముల బల్లకడనే జరిగెను. ఆమెతో చదివిన థ్రేసియాగారు దీనికి భిన్నముగా నిర్మాణశాఖలో జేరి, రోడ్లమీదను వంతెనలకడను నిలిచి పనిచేయించి, 1971లో కేరళరాష్ట్రమునకు ఛీఫ్ ఇంజనీరైరి. భారతదేశమున ఆ పదవి నందిన మొదటి స్త్రీ వారే. లీలమ్మ జార్జిగారును తిరువాన్కూరు నిర్మాణశాఖలోనే ఉద్యోగించిరి. ముగ్గురిలో నొక్కరైనను పట్టా పుచ్చుకొని ఊరకుండలేదు.

ఇక మేము ముఖ్యమని తలచునది చెప్పుచున్నాము. లలితగారు సిమ్లా నేల యెంచుకొనిరి? అచట సోదరుని కుటుంబముండెను. కలకత్తా నేల యెంచుకొనిరి? అచటను మఱియొక సోదరుని యిల్లుండెను. తాను పనికి పోయినప్పుడు బిడ్డకు అన్నము పెట్టి, బడికి పంపి, జ్వరము వచ్చినచో పక్కన కూర్చుండువారు కావలెను. ఆ యిండ్లలో అట్టివారు దొరకిరి. భాక్రా యంత్రములను గూర్చిన చరిత్రలలో లలితగారి పేరే అరుదు. ఇక ఆమె బిడ్డను చూచినవారి పేర్లు ఏ చరిత్రకారుడును వ్రాయడు. వారు లేకున్నచో గిండీ కళాశాల ఇచ్చిన పట్టా మడతపెట్టి పెట్టెలో దాచవలసినదే.

శాసనములును ఈ విషయమున చిత్రముగా నడచినవి. 1948 నాటి కర్మాగారచట్టము స్త్రీలను రాత్రి 7 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు పనిలో నుంచగూడదని నిషేధించెను. 1952 నాటి గనులచట్టము భూగర్భమున వారికి పని యీయరాదనెను. సాంకేతికోద్యోగినులకు ఆ నిషేధము 2019లో సడలినది. కష్టజీవులైన కూలిస్త్రీలను కాపాడుటకు చేసిన యీ విధులు, చదివిన ఇంజనీరు స్త్రీకి అడ్డుగోడలైనవి. ఆ 1948 చట్టమే, ఏబదిమందికి మించి స్త్రీలున్న కర్మాగారమున శిశుగృహము నెలకొల్పవలెనని చెప్పినది. మంచిదే. కాని ఒక్క లలితగారున్న కార్యాలయమునకు అది వర్తింపదు. అనగా స్త్రీలు వచ్చినగాని శిశుగృహము రాదు. శిశుగృహమున్నగాని స్త్రీలు రారు. 2017లో ప్రసూతిచట్టమును సవరించి, స్త్రీపురుషులు కలిసి ఏబదిమంది ఉద్యోగులున్న ప్రతి సంస్థయు శిశుగృహమును ఏర్పాటు చేయవలెనని విధించిరి. ఈ చిక్కుముడి కాగితముమీద విడుటకు అఱువదితొమ్మిదేండ్లు పట్టినది.

లలితగారికి విదేశములందు గౌరవము వచ్చినది. 1953లో లండను విద్యుత్ ఇంజనీర్ల సంస్థవారు సహసభ్యురాలిగను, 1966లో పూర్ణసభ్యురాలిగను ఎన్నుకొనిరి. 1964లో న్యూయార్కున స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయమహాసభ జరిగెను. మన దేశమున అప్పటికి అట్టి స్త్రీల సంస్థ లేదు గనుక ఆమె స్వతంత్రముగానే పోయిరి. నూటయేబదియేండ్ల క్రింద నైనచో తన్ను భర్త చితిపై దహించియుందురని ఆమె యచట అమెరికావారితో ననినట్లు చెప్పుదురు. సహగమనము వంగరాష్ట్రమున 1829లో నిషిద్ధమయ్యెను గనుక ఆమె లెక్క కాలమును బట్టి సరియైనదే. లెక్కలో తప్పు చేయు అలవాటు ఆమెకు లేదు.

తెలుగునేలపై నేటి స్థితి వేఱు. హైదరాబాదున ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల 1929లో వెలసెను. కోస్తాంధ్రలో విశాఖపట్టణము పేర 1946లో కళాశాల యేర్పడి కాకినాడకు తరలెను. అటుపిమ్మట వృత్తివిద్యలలో మూడవవంతు స్థానములు బాలికలకు కేటాయింపబడెను. ఈనాడు తెలుగునాట బాలికలు లేని ఇంజనీరింగు తరగతి యుండుట అరుదు. ఐ.ఐ.టి.లలోనే బాలికలు మిక్కిలి తక్కువగా నుండుటచే 2018లో వారికి అదనపు స్థానములు కల్పించి, తొలుత నూటికి 14 వంతున, 2020 నాటికి 20 వంతున నుండునట్లు చేసిరి. మన పల్లెలనుండి బస్సులెక్కి కళాశాలలకు పోవు బాలికలను చూచినప్పుడు, ఒంటరితనమునకై ప్రకటన లిప్పించుకొన్న లలితగారి కాలము మిక్కిలి దూరమనిపించును.

అయినను మేము ఉన్నతపాఠశాలలలో ముప్పదియేండ్లకు పైగా సంస్కృతాంధ్రములు బోధించినవారము. మా యొద్ద చదివి ఇంజనీర్లైన బాలికలు పలువురు కలరు. పండుగలకు వచ్చి నమస్కరించుచుందురు. వారిలో ఉద్యోగము చేయుచున్నవారెందఱని యడిగినచో, సంతోషముతో చెప్పదగిన సంఖ్య రాదు. 'పాప పుట్టినది మాస్టరుగారూ, చూచువారు లేరు' అని యొకతె. 'అత్తగారికి సుస్తీ' అని యొకతె. తెలివిలో వారు ఏ మగపిల్లవానికిని తీసిపోలేదు. వారిలో నొకతె శబ్దమంజరి యంతయు కంఠస్థము చేసినది. పెండ్లిచూపులనాడు పట్టా గొప్పది. కట్నకానుకల మాటలలో దానికి విలువ కట్టుదురు. సారెతోపాటు అదియు అత్తవారింటికి పోవును. తరువాత బీరువాలో పట్టుచీరల క్రింద నుండును. నాలుగేండ్ల చదువునకు పొలమమ్మి రుసుము కట్టిన తండ్రులను మేమెఱుగుదుము. ఆ చదువు ఉద్యోగముగా నిలుచుటకు మనుమరాలిని పగలెల్ల చూచెదమని ముందుకు వచ్చిన తాతలను మాత్రము వ్రేళ్లపై లెక్కింపవచ్చును. అమ్మమ్మలు చూచుచునేయున్నారు, వారికి వయసుడిగినది. మేము తాతలనే యడుగుచున్నాము. మేమును ఆ వయస్సువారమే.

లలితగారు 1977లో పదవీవిరమణ చేసిరి. ముప్పది యేండ్లకు పైబడిన ఉద్యోగము. 1979 అక్టోబరు 12వ తేదీన, అఱువదవ యేట, పరమపదించిరి. తాను వేసికొన్న లెక్క ఫలించినది: బిడ్డ పెరిగినది, ఎవరి యింటను ఆమె దయకు పాత్రురాలుగా బ్రదుకవలసిన పని లేకపోయినది.

మన సంఘపు పోషకులు ఏటేట విద్యార్థులకు వేతనములిచ్చుచున్నారు, బాలికలకును ఇచ్చుచున్నారు, అందులకు వారికి మా నమస్కారములు. ఆ నిధి పట్టాతో ముగియుచున్నది. ప్రసవముచేత ఉద్యోగము విడిచిన ఇంజనీరు స్త్రీలు మరల పనిలో ప్రవేశించువఱకు రెండేండ్లపాటు శిశుసంరక్షణకై వేతనమిచ్చుటకు ఆ నిధిలో నొక భాగమును ప్రత్యేకింపవలెననియు, పట్టణములందలి మన వసతిగృహములలో నొక్కొక్క గది పగటివేళ పిల్లలకై కేటాయింపవలెననియు మేమొక తీర్మానము వ్రాసి కార్యదర్శులకు పంపితిమి. అది రెండవనాటి విద్యోపసంఘ సమావేశమున చర్చకు వచ్చును. మహాసభకు విచ్చేయు మహిళలందఱును, ముఖ్యముగా ఇంజనీరింగు చదివి ఇండ్లలో నున్నవారును, బిడ్డలతోడనే ఆ సమావేశమునకు రావలసినదిగా కోరుచున్నాము. పిల్లలను చూచుటకు మేము కొందఱము ముసలివారము అచటనే యుందుము.